మా రోజుల్లో వాడపల్లి రేవు

1948లో నిజాం లొంగిపోయిన సెప్టెంబరు 17 దగ్గరపడిందంటే మిర్యాలగూడలో మైకులు మొదలవుతాయి. ఒకరు విమోచన అంటారు, ఒకరు విలీనం అంటారు, ఇంకొకరు విద్రోహం అంటారు. ప్రభుత్వం మారితే పండుగ పేరు కూడా మారుతుంది. 2022లో రాష్ట్ర ప్రభుత్వం జాతీయ సమైక్యతా దినోత్సవం చేసింది. అదే రోజు కేంద్రం హైదరాబాదులో విమోచన దినోత్సవం చేసింది. 2024కు వచ్చేసరికి అది ప్రజాపాలన దినోత్సవం అయింది. జెండా ఎగరేస్తారు, అమరవీరుల స్తూపానికి దండ వేస్తారు, ఉపన్యాసాలు దంచుతారు, ఎండ ముదరకముందే ఎవరి కారు వాళ్లెక్కి వెళ్లిపోతారు. నాలాంటి ముసలివాళ్లను ముందు వరుసలో కూర్చోబెట్టి శాలువాలు కప్పుతారు. అంతవరకు బాగానే ఉంది. కానీ ఇన్నేళ్లలో ఒక్కడంటే ఒక్కడు, "తాతా, ఆ ఏడాది మీవాళ్లు ఎక్కడ తలదాచుకున్నారు?" అని అడిగిన పాపాన పోలేదు.

అడిగితే చెబుతాను. మేం పల్నాడులో ఉన్నాం. కృష్ణకు అవతల, ఒకరి పశువుల కొట్టంలో.

ఇప్పటి పిల్లలకు ముందు భూగోళం చెప్పాలి. మిర్యాలగూడ తాలూకా నిజాం రాజ్యం. వాడపల్లి దగ్గర మూసీ వచ్చి కృష్ణలో కలుస్తుంది, అగస్త్యేశ్వరుడి గుడి ఆ సంగమం ఒడ్డునే ఉంది. అవతలి ఒడ్డు పొందుగల. అది మద్రాసు రాష్ట్రం, గుంటూరు జిల్లా. మా పెద్దలు ఆ ఒడ్డును ఇంగ్లీషు రాజ్యం అనేవాళ్లు. ఇంగ్లీషువాళ్లు పోయి అక్కడ మూడు రంగుల జెండా ఎగిరాక కూడా చాలాకాలం అదే మాట నోట్లో ఆడింది. నిజాం పక్షాన తిరిగే రజాకార్ల జీపు ఫలానా ఊరికి వచ్చిందట, ఫలానా ఊళ్లో గడ్డివాములు తగలబెట్టారట అని కబురు అందితే చాలు, ఏటి పక్క పల్లెల వాళ్లు మూట కట్టి రేవు దారి పట్టేవాళ్లు. ముందు ఆడవాళ్లను, పిల్లలను దాటించి, మగవాళ్లు వెనక ఉండి పశువుల సంగతి చూసుకుని వచ్చేవాళ్లు. కొందరు రాలేదు.

మా మనవరాలి పాఠ్యపుస్తకం తిరగేశాను. 1947 నవంబరు 29న యథాతథ ఒప్పందం. 1948 సెప్టెంబరు 13న భారత సైన్యం ప్రవేశం. 17న నిజాం లొంగుబాటు. అక్కడితో పాఠం అయిపోయింది. సైన్యం వాళ్లు రాసుకున్న చరిత్రలో ఇంకొంచెం వివరం ఉంది. బెజవాడ వైపు నుంచి వచ్చిన దళం మొదటి రోజు పొద్దున్నే కోదాడ చేరింది, మధ్యాహ్నానికి మునగాల చేరింది, తర్వాత సూర్యాపేట మీద విమానాలు బాంబులు వేశాయి, వెనక్కి తగ్గుతూ నిజాం సైన్యం మూసీ వంతెన పేల్చేసింది, మనవాళ్లు దాన్ని త్వరగానే బాగుచేసుకున్నారు. ఏ బండి ఏ పూటకు ఎక్కడ ఉందో కూడా రాసిపెట్టారు. సంతోషం, రాయాల్సిందే. కానీ సర్కారు చరిత్ర అయిదు రోజులది. మా చరిత్ర ఏడాది పైచిలుకుది. అయిదు రోజులకు పుస్తకాలకు పుస్తకాలు ఉన్నాయి, ఆ ఏడాదికి ఒక పేజీ లేదు. నా గొడవంతా ఇదే.

మా రోజుల్లో ఈ సంగతులు ఎవరూ పుస్తకంలో చదవలేదు. రాత్రి అన్నాలయ్యాక అరుగు మీద పెద్దలు చెప్పుకుంటుంటే విన్నాం. మా అమ్మ చెప్పేది, ఏరు మోకాలు దాకా ఉందని, ఇసుక కాళ్లు కాల్చిందని, నన్ను చంకనేసుకుని నడిచే దాటిందని. మా మేనమామ చెప్పేది వేరు. పుట్టి సగం దారిలో గిర్రున తిరిగిందని, నీళ్లు ఎర్రగా ఉన్నాయని, తోలు ఒకచోట చిరిగితే పంచె కుక్కి పట్టుకున్నాడని. చిన్నప్పుడు వీళ్లలో ఒకరు అబద్ధం చెబుతున్నారని మా పిల్లల తగువు. పెద్దయ్యాక కూర్చోబెట్టి అడిగితే తేలింది. అమ్మ దాటింది వేసవిలో. మామ దాటింది వానలు పడ్డాక, పొలం విత్తి వద్దామని ఆగినందుకు. ఇద్దరిదీ నిజమే. ఇన్ని నెలల పాటు ఇంతమంది దాటారు కాబట్టే ఎవరి ఏరు వాళ్లకు వేరుగా గుర్తుంది. ఒక తేదీ వేసి ముగించే చరిత్రలో ఈ తేడా పట్టదు.

డబ్బు సంగతి వినండి. మా నాయిన నడుముకు కట్టుకున్న సంచిలో ఉన్నవి హాలీ సిక్కా రూపాయలు, నిజాం నాణెం. అవతల చెల్లేది కల్దారు. ఏడు హాలీలకు ఆరు కల్దార్లు, అది అందరికీ తెలిసిన మారకం. ఒంటి మీది బట్టలతో పారిపోయి వచ్చినవాడికి ఆ మారకం ఎవడిస్తాడు? మేం తలదాచుకున్న ఊరి షావుకారు ఏడుకు అయిదే చేతిలో పెట్టాడని అమ్మ పోయేదాకా చెప్పింది. అదే ఊళ్లో ఒక రైతు తన ఎడ్లను చింతచెట్టు కింద కట్టేసి, కొట్టం ఊడిపించి, అలికించి మాకు ఇచ్చాడు. అద్దె మాట ఎత్తలేదు. వాళ్లింటి తిరగలి మీదే మా జొన్నలు పడేవి. పల్నాడులో కూడా జొన్నకూడే కాబట్టి తిండికి కొత్త అనిపించలేదు. షావుకారునూ రైతునూ ఒకే పూటలో, ఒకే గొంతుతో చెప్పేది అమ్మ. కోపం ఒకరి మీద, దండం ఒకరికి. సహాయ శిబిరాల గురించి రాసిన నివేదికల్లో ఈ ఇద్దరికీ చోటుండదు.

నేను ఇవతల బడిలో అలిఫ్, బే దిద్దినవాణ్ణి. అవతల బడిలో అ, ఆ. లెక్కలు బాగా వచ్చినా తెలుగు రాయడం రాదని పంతులుగారు నన్ను నాకంటే చిన్నపిల్లల మధ్య కూర్చోబెట్టారు. నా మాతృభాష రాత నేను నేర్చుకున్నది పరాయి ఒడ్డున, పరుగెత్తి వచ్చిన పిల్లవాడిగా. దీనికి నేనెవరినీ తప్పుపట్టను, కానీ మా తరం చదువు ఇలా నడిచిందని ఏ విద్యాశాఖ పుస్తకమైనా ఒక వాక్యం రాసిందా?

వాడపల్లి ఒక్కటే రేవు కాదు. హుజూర్‌నగర్, కోదాడ వైపువాళ్లు జగ్గయ్యపేటకు వెళ్లారు, అటునుంచి బెజవాడ దాకా పోయినవాళ్లూ ఉన్నారు. సూర్యాపేట చుట్టుపక్కల వాళ్లకు మునగాల దగ్గర. మునగాల పరగణా నట్టనడుమ నిజాం రాజ్యంలో ఉన్నా, అది కృష్ణా జిల్లా ముక్క. కొమర్రాజు లక్ష్మణరావుగారు దివానుగా పనిచేసిన సంస్థానం అదే. ఆ పరగణా పొలిమేర దాటితే వేరే దేశం దాటినట్టే. 1959లో గానీ అది నల్లగొండ జిల్లాలో కలవలేదు. ఇప్పుడు హైదరాబాదు, విజయవాడ హైవే మీద మునగాల దాటే కుర్రాళ్లలో ఎంతమందికి ఈ సంగతి తెలుసు? చెప్పేవాళ్లు లేకపోతే వాళ్లకు మాత్రం ఎలా తెలుస్తుంది?

సర్కారును ఒక్కదాన్నే అనడం కూడా అన్యాయం. పార్టీల చరిత్రలు కూడా అధికార చరిత్రలే. కమ్యూనిస్టు నాయకులు సుందరయ్యగారు, రావి నారాయణరెడ్డిగారు సాయుధ పోరాటం గురించి రాశారు, స్వామి రామానందతీర్థ స్టేట్ కాంగ్రెస్ ఉద్యమం గురించి రాశారు. భారత ప్రభుత్వ ప్రతినిధి మున్షీ తన వైపు రాసుకున్నాడు, నిజాం ప్రధాని లాయక్ అలీ తన వైపు రాసుకున్నాడు. అన్నీ చదివాను, వాళ్లందరి మీద గౌరవముంది. దళాలున్నాయి, సత్యాగ్రహాలున్నాయి, ఒప్పందాలున్నాయి. పిల్లను చంకనేసుకుని ఏరు దాటిన మనిషి ఎవరి పుస్తకంలోనూ రెండు వాక్యాలకు మించి నిలబడదు. ఒక్క పుస్తకం మాత్రం వేరే దారి తొక్కింది. 1986లో స్త్రీశక్తి సంఘటన వాళ్లు తెచ్చిన "మనకు తెలియని మన చరిత్ర". పోరాటంలో ఉన్న ఆడవాళ్ల దగ్గరకు వెళ్లి, వాళ్ల నోటి మాటను వాళ్ల మాటగానే అచ్చు వేశారు. మన మల్లు స్వరాజ్యంగారి మాటలు అందులో ఉన్నాయి. ఆమె 2022లో పోయారు. ఆ పుస్తకమే లేకపోతే ఆ తరం ఆడవాళ్ల మాట ఎంత మిగిలేదో ఆలోచించండి. పోరాడినవాళ్లకు ఆ పని జరిగింది. పరుగెత్తినవాళ్లకు జరగలేదు.

పరుగెత్తినవాళ్లు ఒక్క రకం కూడా కాదు, ఈ మాట వేదికల మీద ఎవరికీ రుచించదు. రజాకార్లకు భయపడి మేం పోయాం. అంతకుముందే సాయుధ పోరాటం నడిపిన సంఘాలకు భయపడి దొరలు, దేశ్‌ముఖ్‌లు పట్నానికో బెజవాడకో పోయారు. సైన్యం వచ్చి పోలీసు చర్య అయ్యాక ముస్లింలు పోయారు. దసరా నాటికి మేం తిరిగి వస్తే మా ఇంటి మీద తాటికమ్మ లేదు, దూలాలు సగం కాలి ఉన్నాయి. పాతరలో దాచిన జొన్నలు ఎవరి కంటా పడలేదు కానీ వాననీళ్లు దిగి ముక్కిపోయాయి. మూత తీస్తే ఆ వాసన వీధి చివరిదాకా వచ్చింది. మా వాకిలికి ఎదురింటికి తాళం వేసి ఉంది. ఆ ఇంటాయన ఎద్దులకు నాడాలు కొట్టేవాడు. రజాకార్లలో ఏనాడూ లేడు, వాళ్లు వస్తున్నారని మా నాయినకు ముందుగా కబురు చెప్పింది కూడా ఆయనే. హైదరాబాదు పోయారన్నారు. తర్వాత ఆ గడప ఎవరూ తొక్కలేదు.

నెహ్రూ పంపితే పండిత్ సుందర్‌లాల్ బృందం 1948 నవంబరు, డిసెంబరు నెలల్లో సంస్థానంలో తిరిగింది. పోలీసు చర్య సమయంలోనూ తర్వాతా తక్కువలో తక్కువ ఇరవై ఏడు వేల నుంచి నలభై వేల మంది చనిపోయారని నివేదిక ఇచ్చింది. ఎక్కువ ఘోరం ఉస్మానాబాద్, గుల్బర్గా, బీదర్, నాందేడ్ జిల్లాల్లో జరిగింది. ఆ నివేదిక దశాబ్దాల పాటు బయటికి రాలేదు. 2013 నాటికి గానీ ఢిల్లీలోని నెహ్రూ మెమోరియల్ లైబ్రరీలో జనం చూసే వీలు కలగలేదు. అదే 1948లో సైన్యం రాకముందు రజాకార్ల దాడుల మీద భారత ప్రభుత్వం వేసిన శ్వేతపత్రం మాత్రం వెంటనే అచ్చయింది. ఒక కాగితం పంచిపెట్టారు, ఒక కాగితం బీరువాలో పెట్టారు. మా కష్టం నిజం, ఎదురింటివాళ్ల కష్టమూ నిజం. ఒకదాన్ని చెప్పడానికి ఇంకోదాన్ని దాచాల్సిన పని మా నాయినకు ఎన్నడూ పడలేదు. మైకు పట్టుకున్నవాళ్లకు ఎందుకు పడుతోంది?

పంజాబు వాళ్లను చూడండి. దేశం చీలినప్పుడు వాళ్లు పడ్డ కష్టం ముందు మాది చిన్నదే, ఒప్పుకోవాలి. లక్షల మంది నడిచి వచ్చారు. వాళ్లకోసం 1947లోనే కేంద్రంలో ఒక మంత్రిత్వశాఖ పెట్టారు. కురుక్షేత్రలో నగరమంత శిబిరం వెలిసింది. పడమటి పంజాబులో వదిలేసి వచ్చిన భూమికి రికార్డులు తెప్పించి, సరిచూసి, ఇక్కడ భూమి ఇచ్చారు. పెద్ద కమతం వదిలినవాడికి ఎక్కువ కోత, చిన్న కమతం వదిలినవాడికి తక్కువ కోత. ఆ పునరావాసం నడిపిన అధికారుల్లో ఒకరైన ఎం.ఎస్. రంధావా 1954లో దాని మీద పెద్ద పుస్తకమే రాశారు. అది సర్కారు వైపు మాట. సూర్యాపేట దగ్గర హైవే మీద దాబా నడిపే ఒక సర్దార్జీతో చాలాసేపు మాట్లాడాను. వాళ్ల నాయనమ్మ చెప్పిన కథకూ, వాళ్లింట్లో ఉన్న భూమి కాగితానికీ పొంతన లేదన్నాడు. కాగితంలో ఎకరాలున్నాయట. నాయనమ్మ మాటల్లో దారిలో పోయిన చెల్లెలుందట. ఆ నాయనమ్మల మాటలను ఇప్పుడు వేల సంఖ్యలో రికార్డు చేసి పెడుతున్నారు. అమృత్‌సర్ టౌన్‌హాల్లో 2017లో విభజన మ్యూజియం తెరిచారు, అందులో పెట్టెలు, దుప్పట్లు, ఉత్తరాలు పెట్టారు. అంటే వాళ్ల దగ్గర సర్కారు మాటా ఉంది, ఇంటి మాటా ఉంది. రెంటినీ పక్కపక్కన పెట్టి పోట్లాడుకోవచ్చు. మనకు పోట్లాడటానికి కూడా ఏమీ లేదు. వాడపల్లి రేవు దాటినవాళ్లెందరు, తిరిగొచ్చినవాళ్లెందరు, కాలిన ఇంటికి ఎవరైనా పైసా ఇచ్చారా అని చూద్దామంటే అటు కాగితమూ లేదు, ఇటు మాటా రాసిలేదు.

కాగితం కోసం నేను తిరగలేదనుకోకండి. ఒక కార్యాలయంలో పాత తాలూకా దస్త్రాలు అడిగితే, ఉర్దూలో ఉన్నాయి, చదివేవాళ్లు లేరు, ఎందుకండీ మీకు అన్నారు. నేను చదువుతానన్నాను. దరఖాస్తు పెట్టుకోమన్నారు, పెట్టుకున్నాను. మళ్లీ పోతే కట్ట ఎక్కడుందో తెలియదన్నారు. ఆ రోజుల్లో గిర్దావరు, పట్వారీ ఎంత దుర్మార్గులైనా కావచ్చు, కట్ట ఎక్కడుందో మాత్రం వాళ్లకు తెలిసేది. ఇప్పుడు అన్నీ కంప్యూటర్లో ఎక్కించామంటారు. ఎక్కించింది ఎవరి పేరున ఎంత భూమి ఉందన్న లెక్కే. ఆ భూమి వదిలి ఎవరు ఎందుకు పోయారన్నది కాదు.

ఇంకో పదేళ్లు తిరక్కముందే మళ్లీ మూటలు కట్టే పని పడింది. ఈసారి రజాకార్లు లేరు, ప్రాజెక్టు వచ్చింది. 1955 డిసెంబరు 10న నందికొండ దగ్గర నెహ్రూ నాగార్జునసాగర్‌కు పునాదిరాయి వేశారు. 1967 ఆగస్టు 4న ఇందిరాగాంధీ కాలువలకు నీళ్లు వదిలారు. ఎడమ కాలువకు లాల్‌బహదూర్ పేరు పెట్టారు. ఆ నీళ్లే మా మిర్యాలగూడను వరి ఊరు చేశాయి, ఈ రైసు మిల్లులన్నీ ఆ నీళ్ల పుణ్యమే. నేను ఆ నీళ్లు తాగినవాణ్ణే, సాగర్‌ను తిట్టను. కానీ మునిగే లోయలో బౌద్ధుల కట్టడాలుంటే వాటిని తవ్వి, ఊడదీసి, మోసుకొచ్చి నాగార్జునకొండ మీద, అనుపులో మళ్లీ నిలబెట్టి, మ్యూజియం కట్టారు. ఆ రాళ్లు ఎక్కడినుంచి ఎక్కడికి వచ్చాయో బోర్డులున్నాయి. ఏలేశ్వరం వాళ్లు, లోయలోని పల్లెల వాళ్లు, తండాల వాళ్లు ఎక్కడికి పోయారో బోర్డు లేదు. 2013లో పులిచింతల ప్రాజెక్టు ప్రారంభించినప్పుడు మఠంపల్లి, మేళ్లచెరువు వైపు ఊళ్లకు మళ్లీ అదే గతి. పునరావాస కాలనీ అని బోర్డు పెట్టారే గానీ, ఏ ఊరు మునిగి ఈ కాలనీ లేచిందో పిల్లలకు చెప్పే రాయి ఒక్కటీ నా కంటపడలేదు.

ఇప్పటి వాళ్ల తీరు చూస్తే బాధేస్తుంది. లాహోరు రైలు గురించి హిందీ సినిమాలు చూసి మా ఇంటి పిల్లలు కన్నీళ్లు పెట్టుకుంటారు. వాడపల్లి రేవు దాటిన సొంత ముత్తవ్వ గురించి అడగరు. 2024లో రజాకార్ల మీద తెలుగులోనే సినిమా వస్తే థియేటర్‌కు పోయి చూసి, ఇంటికొచ్చి, నిజంగా అలాగే జరిగిందా అని ఫోన్లో వెతుకుతున్నారు. ఫోన్లో దొరికేది ఎవరి పార్టీ వాళ్లు పంపిన ముక్క. వాళ్లు వెతికే మనిషి పక్కగదిలో మంచం మీద ఉన్నాడు. మా రోజుల్లో మాకు ఫోను లేదు, పుస్తకం లేదు, చెవులున్నాయి. పెద్దవాళ్లు చెబుతుంటే మధ్యలో లేచిపోతే చెంప పగిలేది.

వాడపల్లి దగ్గర ఇప్పుడు పెద్ద వంతెన. నార్కట్‌పల్లి, అద్దంకి రోడ్డు మీద సిమెంటు లారీలు, బియ్యం లారీలు రాత్రింబవళ్లు నడుస్తాయి. 2014 తర్వాత ఆ ఏరు మళ్లీ రెండు రాష్ట్రాల హద్దయింది. 2020 లాక్‌డౌన్‌లో ఇంటికి పోవాలని వచ్చినవాళ్లను ఆ వంతెన దగ్గరే ఆపేశారు. టీవీలో ఆ గుంపును చూసి నాకు అన్నం సహించలేదు. పిల్లల్ని ఎత్తుకున్న ఆడవాళ్లు, సంచులు, అవతల పోలీసులు. పక్కనున్న వాళ్లకు అది ఆ రోజు వార్త. ఆ రేవుకు అదేమీ కొత్త కాదని చెబుదామంటే వినే ఓపిక ఎవరికీ లేకపోయింది.

అందుకే మిర్యాలగూడ, కోదాడ, సూర్యాపేట బడుల్లో పనిచేసే టీచర్లకు నా మనవి. ఈసారి పిల్లల చేత చార్టుల మీద జెండా బొమ్మలు వేయించడం మానండి. దామరచర్ల, నేరేడుచర్ల, మఠంపల్లి, మునగాల పల్లెలకు పంపండి. ఎనభై దాటిన ప్రతి మనిషి దగ్గరా కూర్చోబెట్టండి. ఏ రేవు దాటారు, ఏం మోసుకెళ్లారు, ఎవరు తలుపు తీశారు, ఎవరు తీయలేదు, తిరిగొచ్చేసరికి ఇంట్లో ఏం మిగిలింది, ఎదురింటివాళ్లు ఏమయ్యారు, ఇవి అడిగించండి. కృష్ణ దాటి దాచేపల్లి, జగ్గయ్యపేట కూడా పోండి. కొట్టం ఇచ్చినవాళ్ల మనవలు అక్కడున్నారు. హైదరాబాదు వెళ్లిపోయిన ముస్లిం కుటుంబాలను వెతకండి, వాళ్ల మాట కూడా రాయండి. ఒకరి మాట ఇంకొకరి మాటతో కలవకపోతే దిద్దకండి, రెండూ ఉంచండి. మీ చేతిలో ఉన్న ఫోనే చాలు రికార్డు చేయడానికి. రాసిన ప్రతి ఒకటి మన ఊరి గ్రంథాలయంలో పెట్టండి.

ఆ ఏడాది ఎనిమిదేళ్లున్న పిల్లవాడికి ఇప్పుడు ఎనభై అయిదు దాటాయి. సెప్టెంబరు దాకా ఆగకండి, ఈ ఆదివారమే వెళ్లండి.